హగురో గారు ఫెయిల్ చేసిన తుపాకి

హగురో తత్సువో గారి చేతిలో ఇంతవరకు పాసయిన వస్తువు లేదు. ముప్పై అయిదేళ్ళు లిఫ్టులు తనిఖీ చేసి ఆయన రిటైరయ్యారు గానీ, తనిఖీ రిటైరు కాలేదు. గొడుగు కొంటే కొట్టు గుమ్మంలోనే ఇరవైసార్లు తెరిచి మూసి "ఫెయిల్" అంటారు. పక్కింటివాళ్ళ పసిబిడ్డను చూడ్డానికి వెళ్ళి, కాళ్ళూ చేతులూ ఆడించి చూసి, ఆ మాట అనబోతుంటే భార్య చిజుకో కాలు తొక్కింది.

పెళ్ళైన మర్నాడు ఆమె కాచిన మిసో చారు ఒక్క గుక్క తాగి, "ఫెయిల్" అన్నారు. కొత్త పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగేలోపే గిన్నె చాపారు. "ఇంకాస్త పొయ్యి. ఒక్క గిన్నెతో తేల్చెయ్యడం పద్ధతి కాదు." ఆనాటినుంచి ఆ చారు రోజూ ఫెయిలవుతూనే ఉంది. గిన్నె రోజూ రెండుసార్లు నిండుతూనే ఉంది.

రిటైరయ్యాక ఆయనకు బొమ్మ తుపాకుల ఆట పట్టుకుంది. ఆదివారం వస్తే చిబా కొండల్లో ఒక వెదురు తోపు, రెండు జట్లు, బఠాణీల్లాంటి ప్లాస్టిక్ గుళ్ళు. గుండు తగిలినవాడు తనంతట తనే "హిట్!" అని అరిచి, చెయ్యెత్తి బయటికి నడవాలి. కొట్టినవాడు అడగకూడదు, పక్కవాడు చెప్పకూడదు. ఆటంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

నాలుగేళ్ళలో హగురో గారి నోట ఆ మాట ఎవరూ వినలేదు. శూరుడై కాదు. పొదను కూడా తనిఖీ చేసిగానీ దాని వెనక కూర్చోరు. ఆయనకు పొద కుదిరేసరికి ఆట అయిపోతుంది.

ఆ జనవరి ఆదివారం నుకుయి కొత్త తుపాకి పట్టుకొచ్చాడు. రొట్టెల కొట్లో పనివాడు, నలభై దాటిన మెతక మనిషి. మూడేళ్ళుగా ఆడుతున్నా ఒక్కరినీ కొట్టలేదు. ప్రతి ఆదివారం అందరికీ తీపి రొట్టెలు మాత్రం తెస్తాడు. హగురో గారు ఆ రొట్టెల్ని కూడా ఫెయిల్ చేసి, రెండు తింటారు.

"అక్కా, ఇది గ్యాస్ తుపాకి. చవకదే అనుకోండి. పేలినప్పుడల్లా అసలు తుపాకిలా వెనక్కి తన్నుతుందట," అన్నాడు చిజుకోతో. "దీంతో కూడా ఇవాళ ఎవరికీ తగల్లేదంటే అమ్మేస్తాను. ఇంక రాను. ఆదివారాలు హాయిగా నిద్రపోతాను." నవ్వుతూనే అన్నాడు. తుపాకి పెట్టె మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

తోపు యజమాని తొబారి గుండు వేగం కొలిచే యంత్రం పెట్టి చూశాడు. "వేగం మితిమీరితే లోపలికి పంపను. ఇంత తక్కువైతే ఏం చెయ్యాలో రూల్లో రాయలేదు. వెళ్ళు నాయనా."

"ఆగు!" అన్నారు హగురో గారు, కళ్ళజోడు సవరించుకుంటూ.

అందరూ టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. తుపాకిలోంచి ఊడదీసి, గ్యాసూ గుళ్ళూ రెండూ పట్టే ఇనుప మ్యాగజైన్‌ను హగురో గారు చెవి దగ్గర పెట్టుకున్నారు.

"బుస్సుమంటోంది. ఇది తుపాకా, పాముల బుట్టా?"

"చలికి గ్యాసు నీరసపడిందండీ. వేసవిలో బాగుంటుందని కొట్టువాడు..."

"అయితే వేసవిలో రావలసింది." మ్యాగజైన్ మళ్ళీ తగిలించి, వెదుళ్ళకేసి గురిపెట్టి పేల్చారు. మూడు గుళ్ళు వెళ్ళాయి. నాలుగోది గొట్టం చివర జలుబు చేసిన ముక్కులా కారింది. "తన్నడం లేదయ్యా ఇది, తప్పుకుంటోంది. గురి చూస్తే ఎడమకి వాలింది. ఫెయిల్! రెండు మ్యాగజైన్లూ ఇలా తే. స్వాధీనం చేసుకుంటున్నా."

"పొద్దున్నే పాపం ఆ మనిషిని ఏడిపిస్తారెందుకండీ!" అంది చిజుకో. ఆయన వినిపించుకోలేదు. నుకుయి ఆ పూటంతా వట్టి తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం చిజుకో పంది మాంసం చారు పోస్తుంటే, గిన్నె అందుకోవడానికి వంగిన భర్త పొట్టలో టంగుమని మోగింది.

"ఏమండీ, ఆ చప్పుడేమిటి?"

"అరుగుదల."

ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. పొట్టకు చుట్టుకున్న ఉన్ని పట్టీ ముందుకు పొడుచుకొచ్చింది. పొద్దున చలికి జేబులో వేసుకోమని ఆమె ఇచ్చిన వేడి సంచులు ఆరూ జేబుల్లో లేవు. చిజుకోకు అర్థమైంది. గిన్నె నిండా చారు పోసింది.

తినడాలయ్యాక ఆయన చాటుకు వెళ్ళొచ్చి మ్యాగజైన్లు నుకుయి చేతిలో పడేశారు. "తీసుకో. మళ్ళీ చూశా. మళ్ళీ ఫెయిలే."

"అరె, వెచ్చగా ఉన్నాయే!"

"ఎండలో పెట్టా."

పొద్దుటినుంచి ఎండన్నది లేదు.

ఆట మొదలైంది. నుకుయి అవతలి జట్టు. ఆ వేళ హగురో గారు కనిపించిన మొదటి పొద వెనకే, తనిఖీ లేకుండా చతికిలబడ్డారు. టోపీ సగం బయటే ఉంది. ఆ పక్కనే, చూసేవాళ్ళకు గుళ్ళు తగలకుండా కట్టిన వల వెనక నిలబడ్డ చిజుకో నివ్వెరపోయింది.

నుకుయి వంగి వంగి వచ్చాడు. పేల్చాడు. వేడెక్కిన తుపాకి పట్, పట్, పట్ అని భుజాన్ని తన్నింది. అతని మొహం వెలిగింది. గురి మాత్రం ఎడమకే. గుళ్ళన్నీ వెదుళ్ళకు తగిలాయి. ఆఖరిది అలసిపోయి, హగురో గారి బూటుకు మూరెడు అవతల ఎండుటాకుల్లో పడింది. చిజుకో కళ్ళారా చూసింది.

"హిట్!"

తోపులో పిట్టలన్నీ లేచిపోయాయి. తొబారి చేతిలో టీ ఒలికింది. "ఎవరూ? హగురో గారా?"

నుకుయి అలా నిలబడిపోయాడు. నిలబడ్డవాణ్ణి ఇంకెవరో కొట్టారు. "హిట్! హిట్!" అంటూ రెండు చేతులూ ఎత్తాడు. అంత సంబరంగా ఓడిపోయినవాణ్ణి ఆ తోపు చూసి ఉండదు.

సాయంత్రం కారు దగ్గర చిజుకో అడిగింది. "ఎక్కడ తగిలింది?"

"భుజమ్మీద."

"మూరెడు అవతల పడింది. నేను చూశాను."

"నీకు చత్వారం. తగిలిందో లేదో తగిలినవాడే చెప్పాలి. రూలు."

"ముప్పై అయిదేళ్ళలో ఒక్క దొంగ సంతకం పెట్టని మనిషి!"

అంతలో నుకుయి పరుగెత్తుకొచ్చాడు. "హగురో గారూ, వచ్చే ఆదివారానికి గురి సరిచేసుకొస్తాను. మళ్ళీ తనిఖీ చెయ్యాలి!" మిగిలిన రొట్టెల సంచి ఆయన చేతిలో పెట్టి, తుపాకి పెట్టె గుండెకు హత్తుకుని వెళ్ళిపోయాడు.

హగురో గారు రొట్టె కొరికి, "ఫెయిల్," అన్నారు నోటినిండా. ఇంకోటి తీశారు. ఫ్లాస్కులో మిగిలిన చారులోంచి చిజుకో ఒక గిన్నె పోసిస్తే ఒక్క గుక్క తాగి, దూరంగా వెళుతున్న నుకుయిని చూస్తూ మరీ గట్టిగా అన్నారు, "ఫెయిల్."

చిజుకో ఫ్లాస్కు మూత ఇంకా పెట్టలేదు.