గోతినీళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయి

మీ ఊళ్ళో నీళ్ళు ఎర్రబడితే మీరు మొదట పరీక్షించేది నీళ్ళనా, ఆడవాళ్ళనా?

మొన్న మొగల్తూరు దగ్గర మా మేనల్లుడి రొయ్యల చెరువుకు వెళ్ళి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. గట్టు మీద ఎర్రటి ద్రవం నింపిన సీసాలను ఎండలో పేర్చి, అది చెరువు అడుగున కుళ్ళును తినే బాక్టీరియా అనీ, వెలుతురుతో బతుకుతుందనీ, కొని తెచ్చాననీ వాడు గర్వంగా చెప్పాడు. మేత చల్లే ఆవిడ మాత్రం దూరంగా రోడ్డు మీదే నిలబడి ఉంది. ఎందుకని అడిగితే, "ఆ మూడు రోజులూ గట్టెక్కొద్దన్నానత్తా, నీళ్ళు పాడైపోతాయి" అన్నాడు, ఆ ఎర్ర సీసా చేతిలో పట్టుకునే.

ఆ ఎరుపును నేను బాగా ఎరుగుదును.

నా చిన్నతనంలో మా ఊరి కాలవ పక్కన కొబ్బరి డొక్కలు నానబెట్టే గోతులుండేవి. నెలల తరబడి నానిన డొక్కలను పైకి తీసి, కర్రతో బాది పీచు తీయడం ఆడవాళ్ళ పని. ఆ నల్లనీళ్ళ కంపు చీరలను ఎంత ఉతికినా వదిలేది కాదు. మా నాన్నగారు బడిలో మాస్టారు, ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, ఆ గోతుల్లో కూలి. ఒక వేసవిలో ఆమె దిగిన గొయ్యి గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే చిక్కటి ఎరుపైంది. ఆమె ఆ రోజుల్లో దిగిందని పుకారు లేచింది. గుడికి వెళ్ళేవాళ్ళూ చర్చికి వెళ్ళేవాళ్ళూ ఒక పంక్తిలో భోజనానికి కూర్చోరు గానీ, ఈ ఒక్క మాట మీద మాత్రం ఏకమైపోయారు. అందరి ముందూ తప్పు ఒప్పుకుని గోతికి శుద్ధి చేయించకపోతే కాలవ పొడుగునా ఏ గోతిలోనూ ఆమెకు పని దొరకదని గోతుల ఆసామి తేల్చేశాడు. నిజం చెప్పమని నిలదీస్తే, "మీకెందుకండీ చెప్పాలి?" అంది అత్త.

సభల్లో వాదించి గెలవడం అలవాటైన మా నాన్నగారు, ఆ ఎరుపు ఎండ వల్లేననీ, ఎవరూ దిగని గోతిలోంచి నల్లనీళ్ళు తెచ్చి ఎండలో పెడతాననీ, ఆదివారానికి వాటంతటవే ఎర్రబడకపోతే చెల్లెలి చేత శుద్ధి చేయిస్తాననీ ఆసామికి మాటిచ్చి వచ్చారు. "నన్ను పణం పెట్టావు, నన్నొక్క మాటడిగావా అన్నయ్యా?" అంది అత్త. ఆయన బిందె పట్టుకుని గోతి వైపు నడిచారు.

దాపరికం లేదని చూపడానికి ఆయన ఆ నీళ్ళను వెడల్పాటి బేసినులో పోసి అరుగు మీద పెట్టి, చూడవచ్చిన వాళ్ళకల్లా పుల్లతో కలిపి మరీ చూపించేవారు. నీళ్ళు నల్లగానే ఉన్నాయి. "ఏంటండీ మాస్టారూ, మీ నీళ్ళు మడి కట్టుకున్నాయా?" అని నవ్విపోయేవాళ్ళు. అత్త అన్నం ముట్టడం మానేసింది. నాకప్పటికి ఆ రోజులు మొదలై ఏడాది కాలేదు. ఆమెను తరిమిన నోళ్ళు రేపు నన్నూ తరుముతాయని భయపడి, పొద్దున్నే బేసిను వైపు చూడకుండా పెరటి దారిన పోయేదాన్ని.

ఒక సాయంత్రం నాన్నగారు పుల్ల తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయారు. డొక్కలు కప్పిన గోతిలో గాలి ఆడదు, ఇక్కడ ఆ గాలిని కలుపుతున్నది తన చేయే అని ఆయనకు తట్టింది. వెంటనే గాజుసీసాలో ఎవరూ దిగని ఆ గోతినీళ్ళే అంచుదాకా నింపి, ఆసామిని పిలిచి, ఆయన చేతే మూత బిగింపించి తాడు కట్టించి కిటికీలో పెట్టారు.

రాజమండ్రిలో కాలేజీకి వెళ్ళాక గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. గాలి ఉన్నంతసేపూ గోతినీళ్ళలో ఉండే ఆ సూక్ష్మజీవి మనలాగే ఊపిరితో బతుకుతుంది. గాలి అందని కష్టంలో చిక్కుకున్నప్పుడే, వెలుతురును పట్టే ప్రోటీన్లను తనలో కొత్తగా కట్టుకుంటుంది. వాటిలో ఇమిడిన రంగే మాకు కనిపించిన ఎరుపు. ఊపిరాడని చోట బతకడానికి ఒక జీవి చేసుకున్న ఏర్పాటును మా ఊరు మైల అంది.

ఆదివారం నాటికి ఎండ తగిలే వైపు నుంచి సీసా ఎర్రబడింది. అరుగు ముందు మూగిన జనం చూస్తుండగా ఆసామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సీసా సంగతి వేరండి మాస్టారూ, గోతి సంగతి వేరు" అన్నాడు.

అత్త గుమ్మం దాటి ముందుకు వచ్చింది. "మూత కట్టింది మీ చేతులేగా? మరి ఇది ఎవరి మైలండీ, మీదా?"

జనం గొల్లున నవ్వారు. మర్నాడు ఆమె అదే గోతిలో దిగింది. ఆపడానికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆ గోతులు లేవు, నాన్నగారు లేరు, అత్తా లేదు. అప్పుడు శాపమన్న ఎరుపును ఇవాళ కొనుక్కొచ్చి చెరువులో పోసుకుంటున్నాం. రోడ్డు మీద నిలబెట్టిన మనిషిని మాత్రం అక్కడే ఉంచాం. మా వాడితో గట్టిగా పోట్లాడి ఆవిడను గట్టెక్కించే వచ్చాను. మీ ఊరి చెరువు దగ్గరా అలా ఒకావిడ నిలబడి ఉంటుంది. చదివి ఊరుకోకండి, రేపు పొద్దున్నే వెళ్ళి, యజమాని ఎదురుగా, ఆవిడతో కలిసి ఆ గట్టెక్కండి.