మునిగిన జాలు పేరు

సిద్దిరాములు సారుకు మాటల పిచ్చి. నలభై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మనిషి, ఇప్పుడు కరీంనగర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని నిఘంటువులు తిరగేస్తుంటాడు. భార్య పోయి ఆరేళ్లు. మంచి మాట దొరికితే ఎవరికి చెప్పుకోవాలి? పాలప్యాకెట్ పడేసి పోయేవాడికా?

ఆ వారం దొరికిన మాట 'బయూ'. అమెరికాలో లూసియానా అనే చోట, నీళ్లు కదిలీ కదలనట్టుండే చిత్తడినేలకు ఆ పేరు. ఫ్రెంచివాళ్ల నోటి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. మరి ఫ్రెంచివాళ్లకు ఎక్కడిది? ఆ గడ్డ మీద పుట్టిన చోక్తా తెగవాళ్లది. వాళ్ల 'బయుక్' అంటే చిన్న వాగు. తర్వాత ఆ తెగవాళ్లలో చాలామందిని అక్కడి నుంచి వెళ్లగొట్టారు. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

సారు పుస్తకం మూసేశాడు. ప్రాజెక్టు కింద మునిగిన తన ఊళ్లోనూ ఒక జాలు ఉండేది. నడి ఎండాకాలంలో కూడా నీళ్లూరి, మోకాలిదాకా దిగబడే పొలం. దానికో పేరుండేది. ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. ఎక్కడో ఉన్న బురద పేరు తాతముత్తాతలతో సహా తెలిసె, సొంతూరి బురద పేరు తెలియకపాయె! రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ పేరు కూడా పోతే తనకంటూ ఒక ఊరుండేదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదని భయం పట్టుకుంది.

ఆ జాలు అదే ఊరి ఐలవ్వది. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి, ఊరివాళ్లకు ఇళ్ల జాగలిచ్చిన కాలనీకి పోయాడు. ఐలవ్వ గడప ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సారును చూసి గబగబా కొంగు సర్దుకుంది.

"ఎన్నేండ్లకొస్తివి సారూ! జర కూసో, చాయ్ పెడ్త."

"చాయ్ వద్దవ్వా. నీ జాలు పొలాన్ని ఏమని పిలుస్తుండె? గా పేరు చెప్పు."

ఐలవ్వ నిటారుగా కూర్చుంది. "మూడు వందల పన్నెండు బై అ," అంది టక్కున.

"సర్వే నంబర్ కాదవ్వా, పేరు."

"పేరు యాడ యాదున్నది సారూ? భూములు పోయేటప్పుడు అందరి కాయితాలు నువ్వే రాస్తివి గదా. నేను పేరు జెప్తే కోపం జేస్తివి. 'పేర్లు నడువయి, ఆఫీసరు ముంగట నంబరే జెప్పాలె' అంటివి. పదిసార్లు అప్పజెప్పిచ్చుకుంటివి. గా పేరు నోట్లెకు రావద్దని గట్టిగ మర్చిపోయిన."

నిజమే. ఊరందరి నష్టపరిహారం కాగితాలూ తనే రాశాడు, అదీ ఎంతో గర్వంగా. వాళ్లు చెప్పిన పేర్లన్నీ కొట్టేసి నంబర్లు వేసిన చెయ్యి తనదే. సారుకు దుఃఖం ముంచుకొచ్చింది. కళ్లజోడు తీసి తల దించుకున్నాడు.

అది చూసి ఐలవ్వ పరేషానైంది. "ఏమైంది సారూ? నంబర్ తప్పు జెప్పిన్నా?"

"లేదవ్వా," అన్నాడు సారు. "కరెక్టే జెప్పినవ్."