కస్టమ్స్‌ల ఆగిన పశువుల పాక

బాలయేసు బొమ్మ చెయ్యి కదులుతదా లేదా అని ఒక ఆఫీసరు నా కండ్ల ముంగటనే వంచి చూసిండు. కదల్లే. విరిగింది. ఏండ్లయితున్నా ఆ మాటెత్తితే నా గొంతు పైకి లేస్తది. మా ఇంటాయన "ఇంక ఇడ్చిపెట్టవే" అంటడు. ఇడ్చిపెట్టేదైతే ఇది రాయకనే పోదును.

మాది మొఘల్‌పురా. మా ఇంటాయన కరెంటాఫీసుల లైన్‌మన్ నౌకరీ చేసి రిటైరైండు. ఆయన నౌకరీల ఉన్నప్పుడే నేను ఇంటి ముందరి అర్రల దుకాణం పెట్టిన. మొదట్ల క్రిస్మస్‌కు కాయితం నక్షత్రాలు నేనే చేసి అమ్మేదాన్ని. వెదురు పుల్లలు, రంగు కాయితం, మైదా లై, అంతే. తర్వాత తర్వాత జనానికి మెరిసే సామాను కావాల్సి వచ్చింది. బేగంబజార్ల హోల్‌సేల్‌కు తెచ్చి అమ్మిన. మా గల్లీల అన్ని మతాలోళ్లూ ఉంటరు గదా, డిసెంబర్‌ల మా క్రైస్తవులు కొంటరు, మిలాద్‌కు ముస్లింలు కొంటరు, వినాయకుని మండపానికి హిందువులు కొంటరు. దుకాణం బోర్డు మీద అదే రాయించిన: అన్ని పండుగల డెకరేషన్ సామాను దొరుకును.

గల్లీ మలుపుల ఒక భాయ్‌కి గాజుల దుకాణముంది. లక్క గాజులకు అద్దే గాజు రాళ్లు ఆయన చైనా నుంచి తెప్పించుకుంటడు. దిగుమతి లైసెన్సు ఆయన పేరు మీదనే ఉంది. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తడు. ఒకనాడు ఆయనే అన్నడు, "ఆపా, నా రాళ్ల డబ్బాలతోని నీ పండుగ సామాను గూడ తెప్పిస్త. బేగంబజార్ సేట్లకు లాభమెందుకు ఇస్తవ్" అని. మంచిగనే అనిపించింది. ఫోన్‌ల ఫోటోలు చూసి చెట్టుకు కట్టే గాజు గుండ్లు, జరీ తోరణాలు, నక్షత్రాలు ఏరుకున్న. వాటితోని పశువుల పాక సెట్లు గూడ. మరియమ్మ, యోసేపు, తొట్టిల పండుకున్న బాలయేసు, గొల్లలు, ముగ్గురు జ్ఞానులు ఒక్క డబ్బాల. గొర్రెలు, ఒంటెలు వేరే కవర్లల్ల. కార్వాన్ దిక్కు ఒక చర్చిల పాత మట్టి బొమ్మలకు ముక్కులు, చెవులు రాలిపోయినయని అక్కడి పెద్దమనిషి పెద్ద సెట్టు కావాలని ముందే చెప్పిండు. ఇంకో రెండు మూడు చర్చిలోళ్లు గూడ చెప్పిండ్రు.

సరుకు ఊరు అవతలి కస్టమ్స్ డిపోకు వచ్చేసరికి నవంబర్. కస్టమ్స్ కాయితాల పని చూసే ఏజెంటు ఫోన్ చేసిండు.

"అక్కా, మాల్ ఆపిండ్రు."

"ఎందుకాపిండ్రు?"

"మీ దేవుని బొమ్మలు ఆటసామాను అంటుండ్రు."

నాకు మొదట అర్థం కాలే. అప్పుడు ఏజెంటు నిమ్మలంగ చెప్పిండు. బయట దేశం నుంచి ఏ వస్తువొచ్చినా కస్టమ్స్ పుస్తకంల దానికొక నంబరుంటదట. ఆ నంబరును బట్టే పన్ను, ఆ నంబరును బట్టే పర్మిషన్లు. క్రిస్మస్ సామానుకు ఒక నంబరుంది, ఆటబొమ్మలకు ఇంకో నంబరుంది. మేము క్రిస్మస్ నంబరు రాసినం. ఆఫీసరు ఆటబొమ్మల నంబరంటుండు. ఆటబొమ్మలైతే ఐఎస్ఐ ముద్ర ఉండాలె, ముద్ర లేనిది లోపలికి రానియ్యరు. పిల్లలు నోట్లె పెట్టుకుంటరు, రంగుల విషముంటదని పెట్టిన కాయిదా, రూలు అది. మంచి కాయిదానే. దాని మీద నాకు కోపం లేదు. తొట్టిల పండుకున్న బాలయేసును ఏ పిల్లగాడు నోట్లె పెట్టుకుంటడని నా కోపం.

తెల్లారి నేను, భాయ్ ఆటో మాట్లాడుకొని డిపోకు పోయినం. పెద్ద షెడ్డు, లారీల పొగ, సిమెంటు నేల మీద మా డబ్బాలు విప్పి పడేసిండ్రు. ఆఫీసరు చిన్న వయసాయన, కోస్తా దిక్కు మాట. మర్యాదగనే మాట్లాడిండు. కసురుకునేటోడైతే నాకు జెరంత తేలికయ్యేది.

"చూడండి మేడం," అని డబ్బా నుంచి బాలయేసును తీసిండు. "ఇది తొట్టిలోంచి విడిగా వస్తోంది. పిల్లలు తీసి ఆడుకోవచ్చు."

"ఆడుకోరు సార్. అది దేవుడు."

"మీకు దేవుడండీ. వస్తువుగా చూస్తే పసిపాప బొమ్మ. బొమ్మలు ఆటవస్తువుల కిందకే వస్తాయి." గిట్ల అనుకుంటనే, చేతులు కదిలే బొమ్మనా కాదా అని చెయ్యి వంచిండు. మోచేతి కాడికి విరిగి ఆయన వేళ్ల మధ్యన ఉండిపోయింది. ఆయన ముఖం మాడింది. "సారీ అండీ" అన్నడు. ఆ ముక్కనూ బొమ్మనూ ఒక కవర్ల ఏసి సీలు కొట్టి, "ఎలాగూ శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి" అన్నడు.

నేను ఆ కవరు దిక్కే చూస్తున్న. చిన్నప్పుడు మా అమ్మ బాలయేసును పండుగ పొద్దుగాల దాకా తొట్టిల పెట్టనియ్యకపోయేది. గుడ్డల చుట్టి బీరువాల దాచేది. ముట్టుకుంటే చేతి మీద కొట్టేది. గసొంటి బొమ్మను ఈయన వేలితోని వంచిండు.

"సార్, మీ ఇంట్ల ఉయ్యాలల చిన్నికృష్ణుడు ఉంటడా?" అని అడిగిన.

"ఉంటాడండీ."

"ఆయనతోని మీ పిల్లలు ఆడుకుంటరా?"

"మీ బాధ నాకు అర్థమవుతోంది. రేపు ఆడిట్‌లో ఎవరైనా బొమ్మని ఎలా వదిలావయ్యా అంటే నేనేం చెప్పాలి? రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, పైవాళ్లు చూస్తారు."

ఆయనకు గూడ తెలుసు. తెలిసి గూడ భయానికి రాసిండు. నన్ను ఎక్కువ మండించింది ఇదే. తెలియనోడైతే చెప్పి ఒప్పించొచ్చు. తెలిసినోని భయానికి ఏం చెప్తం?

తిరిగొచ్చేటప్పుడు ఆటో చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌ల ఆగినప్పుడు భాయ్ మెల్లగ అన్నడు, "ఆపా, ఏజెంటు ఒక మాట చెప్పిండు. బొమ్మలు మాకొద్దని రాసిస్తే మిగిలిన మాల్ తొందరగ ఇడుస్తరట."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? నా రాళ్లు గూడ దాంట్లనే ఉన్నయి. పెండ్లిళ్ల సీజన్. కారఖానాల పనోళ్లు ఖాళీగ కూసున్నరు."

ఆయన మాటల తప్పు లేదు. గని నా ఒళ్లంత మంట లేచింది. "నీ రాళ్లు రాళ్లే అని వాళ్లు ఒప్పుకున్నరు గదా భాయ్. నావే బొమ్మలైనయి. నువ్వు కావాల్నంటే రాసియ్యి. నేనైతే సంతకం పెట్టను" అన్న. గల్లీల దిగినంక ఆయన సలాం చెప్పకుండ పోయిండు. అంతకు ముందెన్నడు గట్ల పోలే.

ఇంట్ల మా ఇంటాయనది అదే పాట. "గవర్నమెంటోళ్లతోని లొల్లెందుకు? నేను గూడ అండ్లనే చేసిన, నాకు తెల్వదా. ఫైలు కదలాల్నంటే ఊకుండాలె." నౌకరీ చేసినన్ని దినాలు స్తంభమెక్కి ప్రాణాల మీదికి తెచ్చుకున్నోడు ఊకుండమంటే నాకు ఇంకా మండింది. ఆ వారమంత ఆయనతోని సరిగ మాట్లాడలే.

రోజు పొద్దున దుకాణం తెరిస్తే పాత సామానే. కొనేటోళ్లు వచ్చి "కొత్త మాల్ రాలేదా అక్కా" అని బేగంబజార్ దారి పడుతుండ్రు. ల్యాబు రిపోర్టు వచ్చింది. బొమ్మ ప్లాస్టిక్‌తోని చేసిందని రాసిండ్రు. ఆ సంగతి నేనే చెప్దును, దానికి చెయ్యి విరగ్గొట్టాల్నా. అది ప్లాస్టిక్కా మట్టా అన్నది కాదు అడగాల్సింది. అది ఎందుకున్నదని అడగాలె. దానికి ఏ ల్యాబూ జవాబియ్యది.

ఏజెంటుతోని ఇప్పించిన అభ్యంతరం కాయితం మీద డిసెంబర్ నడుమల పై ఆఫీసరు కాడికి పిలిచిండ్రు. మా మాట వింటరట. నేను ఒక్కదాన్నే పోదామని తయారైన. గల్లీ మలుపుకు వచ్చేసరికి భాయ్ తెల్ల కుర్తా ఏసుకొని దుకాణం షట్టర్ దించుతుండు. "లైసెన్సు నాది. నేను లేకుంటే నిన్ను లోపలికి గూడ రానియ్యరు" అన్నడు, నా దిక్కు చూడకుండనే. ఆటో ఎక్కి కూసున్నడు.

పై ఆఫీసరు ఆడమనిషి, నా ఈడుదే. బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. నా దుకాణం బోర్డు. ఎవరో వచ్చి ఫోటో తీసుకపోయిండ్రన్నమాట.

"అన్ని పండుగల డెకరేషన్ సామాను అని మీరే రాసుకున్నారు," అన్నది. "పెళ్లిళ్లకి, వినాయకుడికి, మిలాద్‌కి అమ్ముతారు. మరి ఇవి క్రిస్మస్ వస్తువులని ఎలా అంటారు? బొమ్మలు ఆటవస్తువులు, మిగిలినవి మామూలు గాజు, ప్లాస్టిక్ వస్తువులు అనొచ్చు కదా."

పాతబస్తీల అందరు ఒక్క తాన బతికేదాన్ని తీసుకొచ్చి నా మీదనే తప్పు లెక్క పెట్టింది. నక్షత్రం ఒక్క మతానికే అమ్మితే పండుగ సామానట. అందరికి అమ్మితే ఏ పండుగదీ కాదట. కుర్చీ చేతులు గట్టిగ పట్టుకున్న. పట్టుకోకుంటే ఏమంటుంటినో నాకే తెల్వదు.

భాయ్ లేచి నిలబడ్డడు. "మేడం, మై ఏక్ బాత్ బోలూఁ, ఒక్క మాట చెప్పనా?" అని అడిగి, తనకొచ్చిన తెలుగుల చెప్పిండు. "నక్షత్రాలు మేము గూడ కడుతం. గుండ్లు మండపానికి గూడ కడుతరు. పండుగకే కడుతరు గదా మేడం, ఊకెనే ఎవలు కట్టరు. ఇగ ఈ పిల్లగాడు. ఈసా అంటే యేసే, మాకు గూడ పైగంబరే, ప్రవక్తే. పేరు ఇజ్జత్‌తోని తీస్తం. గని మేము బొమ్మ పెట్టుకోం. మండపంల గూడ పెట్టరు. మా గల్లీల ఆపా లాంటోళ్లు తప్ప ఈ డబ్బా ఎవ్వరు కొనరు. ఇది క్రిస్మస్‌ది కాకుంటే ఇంక దేనిది?"

ఆమె రాసుకున్నది. "ఆర్డర్ వస్తుంది" అన్నది. అంతే. బయట మెట్లు దిగుతుంటే భాయ్‌కి శుక్రియా చెప్పాలనుకున్న. ఆయనే, "చాయ్ తాగుదం ఆపా" అన్నడు. తాగినం.

పండుగ వచ్చింది. ఆర్డర్ రాలే. కార్వాన్ చర్చిల పశువుల పాక జాగల ఫ్లెక్సీ కట్టిండ్రు. మరియమ్మ, యోసేపు, బాలయేసు అందరు ఒక్క గుడ్డ మీద అచ్చు కొట్టి ఉన్నరు. ముంగట జర గడ్డి పరిచిండ్రు. ఆరాధన అయినంక ఆ పెద్దమనిషి నా కాడికొచ్చి, "ప్రార్థన చేసి ఉంటే ఆగకపోవునమ్మా" అన్నడు. నేను మోకాళ్ల మీద ఎన్ని దినాలు కూసున్ననో ఆయనకేం ఎరుక. "ప్రార్థన దేవునికి చేస్తరు బాపూ, కస్టమ్స్‌కు కాదు" అన్న. ఆయన ముఖం తిప్పుకున్నడు. పండుగ పూట గట్ల అన్నవేందని మా ఇంటాయన తొవ్వంత గొణిగిండు. అననీ.

జనవరిల ఆర్డర్ చేతికొచ్చింది. ఏజెంటు చదివి చెప్పిండు. గుండ్లు, తోరణాలు, నక్షత్రాలు పండుగ సామానే. పశువుల పాక సెట్లు క్రిస్మస్ సామానే, మేము రాసిన నంబరే సరైనది. గెలిచినం అనుకొని లేచి నిలబడ్డ.

"ఇంకోటుందక్కా," అన్నడు ఏజెంటు. "గొర్రెలు, ఒంటెలు వేరే కవర్ల వచ్చినయి గదా. అవి జంతువుల బొమ్మలు, ఆటసామాను అని రాసిండ్రు. ముద్ర లేదు. వాపస్ పంపాలె, లేకుంటే నాశనం చెయ్యాలె."

"గొల్లలు లోపలికి రావచ్చు, గొర్రెలు రావద్దా?"

"గట్లనే రాసుంది."

భాయ్ నవ్విండు. ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలే. మళ్ల అప్పీలు చేద్దమంటే ఏజెంటు చేతులు జోడించిండు. గొర్రెల కోసం అన్ని దినాలు తిరిగే ఓపిక నాకు గూడ లేకుండె. నాశనం చెయ్యమని సంతకం పెట్టిన. భాయ్ రాళ్లు వచ్చినయి గని పెండ్లిళ్ల సీజన్ సగం పోయింది. నా డబ్బాలు మా అర్రల మంచం కింద, అల్మారా మీద, ఏడాదంత ఉన్నయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురు తగిలేది. తగిలినప్పుడల్లా తిట్టేదాన్ని. ఎవర్ని తిడుతున్ననో మా ఇంటాయన అడుగుడు మానేసిండు.

మళ్ల ఏడాది ఇంక సామాను తెప్పియ్యొద్దనుకున్న. భాయే పట్టుబట్టిండు. "ఆర్డర్ మన చేతిల ఉంది ఆపా, ఇప్పుడు గూడ భయపడితే లడాయి ఎందుకు చేసినట్టు" అన్నడు. అదే ఫ్యాక్టరీ, అవే సెట్లు, గొర్రెలు ఒంటెలు మాత్రం ఈసారి అదే డబ్బాల పెట్టమని చెప్పినం. వాళ్లు వినలే, మళ్ల వేరే కవర్లల్లనే పంపిండ్రు. డిపోకు చేరినయని తెలిసిన దినం నేను పాత ఆర్డర్, కొత్త అర్జీ అన్ని సంచిల ఏసుకొని చెప్పులు తొడుక్కున్న. అప్పుడే ఏజెంటు ఫోన్ చేసిండు.

"అక్కా, మాల్ ఇడిచిండ్రు."

"అప్పుడేనా? ఎవరు చూసిండ్రు?"

"ఎవ్వరు చూడలే. ఈసారి కంప్యూటరే పాస్ చేసింది. డబ్బా గూడ విప్పలే."

"గొర్రెలు?"

"గొర్రెలు గూడ వచ్చినయక్కా. మస్తు నసీబు మీది."

నసీబట, అదృష్టమట. వెనుకటి ఏడాది నాశనం చేసిన గొర్రెలు, ఇప్పుడు అడగకుండ వచ్చిన గొర్రెలు, ఒక్క అచ్చుల పోసినవే. ఒకసారి చెయ్యి విరగ్గొట్టి మరీ చూసిండ్రు, ఇంకోసారి మొఖం గూడ చూడలే. రెండుసార్లూ కాయిదా అదే. తప్పు చేసినమని చెప్పినోళ్లు లేరు, సరి చేసినమని చెప్పినోళ్లు లేరు. నేను ఎవరి ముంగట నిలబడి అడగాలె?

సాయంత్రం ట్రాలీ ఆటోల సామాను వచ్చింది. భాయ్, మా ఇంటాయన కలిసి దించిండ్రు. ఇద్దరు ఖుషీగ ఉన్నరు. నేను డబ్బాలు లెక్క చూసుకొని, ధరల చీటీలు అంటించుకుంట కూసున్న.