వదినె అన్న ‘కానీ’

మొన్న ఆదివారం మా కాలనీ వాళ్లు మురికి కాలువ గురించి మీటింగు పెట్టారు. కరీంనగర్‌లో ఇప్పుడు ప్రతి సందుకూ ఒక సంఘం, ప్రతి సంఘానికీ ఒక మైకు. పెద్దవాణ్నని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి చేతిలో సమోసా పెట్టారు. కాలువ ఎటు మళ్లించాలో అధ్యక్షుడు ముందే తేల్చుకొని వచ్చాడు. “ఎవ్వరికీ అభ్యంతరం లేదు గద, పాస్!” అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు. నేను తల తిప్పి చూసేసరికి వెనక వరుసలో ఒకామె చెయ్యి సగం లేపి ఉంది. చప్పట్లు వినబడగానే అదే చేత్తో కొంగు సర్దుకొని కూర్చుంది. “ఆగుండ్రి, ఆమె ఏదో చెప్తాంది” అని నేను అనొచ్చు. నా వయసుకు ఎవరైనా ఆగుతారు. కానీ అనలేదు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. కోడలు అడిగితే సమోసా మీదికి నెట్టేశాను. ఆ సగం లేచిన చెయ్యి మాత్రం అన్నం పళ్లెం ముందు నుంచి కదలలేదు. దాని వెనక ఒక గొంతు కూడా వచ్చి నిలబడింది. అది మా వదినె గొంతు.

మా ఊరు బెల్లంపల్లికి ఇవతల, బొగ్గుబాయి కూత వినబడే దూరంలో ఉండేది. ఆ కూతను బట్టే మా ఇళ్లల్లో పొయ్యిలు వెలిగేవి, ఆ కూతకే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. నిజాం జమానాలో ఊరి ఫైసలాలన్నీ పటేలు చావడిలో జరిగేవి. పటేలు చెప్పేవాడు, కింద కూర్చున్నవాళ్లు “మంజూర్” అనేవాళ్లు. ఏది మంజూరైందో కొందరికి ఇంటికి పోయాక గానీ తెలిసేది కాదు. తర్వాత ఆ జమానా పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, సమితులు వచ్చాయి, పంచాయతీ ఓట్లు వచ్చాయి. కరీంనగర్‌లో మెట్రిక్ చదివి వచ్చిన నేను, ముప్పై నిండకుండానే సర్పంచినయ్యాను. మా మేనమామ నిలబడి ఓట్లు వేయించకపోతే నేను వార్డు మెంబరు కూడా అయ్యేవాణ్ని కాదు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, నన్ను మరవనివ్వలేదు.

సర్పంచిగా నేను చేసిన మొదటి ఘనకార్యం ఆ ‘మంజూర్’ను తీసేయడం. మన రాజ్యం వచ్చింది, మన భాషలో చెప్పుకుందామని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఇకనుంచి నేను “కానిద్దామా?” అని అడుగుతాను, మీరు “కానీ” అనండి, అంతే, తీర్మానం అయిపోయినట్టు. మామకు ఇది నచ్చలేదు. “మంజూర్ అంటే దస్తకతు పడ్డట్టుంటది అల్లుడా. కానీ అంటె ఎద్దును అదిలిచ్చినట్టున్నది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొన్నాళ్లకు ఊరికి అదే అలవాటైంది. చాయ్ తాగుదామా అన్నా “కానీ” అనేవాళ్లు, పేకాటలో ముక్క వేయమన్నా “కానీ” అనేవాళ్లు. నేను పెట్టిన మాట ఊరంతా తిరుగుతుంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ మాటకు ఇంకో ముఖం ఉందని తెలుగు అంత బాగా చదివినవాడికి తోచలేదు. కొస తెంపేస్తే ‘జరగనియ్యి’ అని. కొస సాగదీసి ఆపితే ‘ఆగు, ఇంకో మాటున్నది’ అని. మంజూరులో ఈ చిక్కు లేదు. ఎంత సాగదీసినా అది మంజూరే.

పంచాయతీలో ఒక ఆడమనిషి ఉండాలని చట్టం చెప్పింది. ఎవరిని అడిగినా ఇంట్లో మగవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి మా వదినె పేరు రాయించాను. మా అన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు, షిఫ్టు దిగి వచ్చి స్నానం చేస్తూ ఈ మాట విన్నాడు. “ఇంట్ల నా మాటనే చెల్లనియ్యది, ఆమెను తీస్కపోయి మీటింగుల గూసుండవెడ్తవా? నీ ఖర్మ” అని నెత్తిన ఇంకో చెంబు పోసుకున్నాడు. వదినె కిసుక్కున నవ్వింది. “ఏం మర్దీ, ఆడ నేనేం జెయ్యాలె?” అని అడిగింది. ఏమీ చేయొద్దు, కూర్చుంటే చాలు అన్నాను. నిజంగా నా ఉద్దేశం కూడా అదే. ఆమె ప్రతి మీటింగుకూ వచ్చేది. గుమ్మం పక్కన గోడకు ఆనుకొని, ఒళ్లో చాట పెట్టుకొని చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది. మేము వీధి దీపాల గురించి గొంతులు చించుకుంటుంటే మధ్యమధ్య ఒక గింజ చాటలో టక్కున పడేది. “కానిద్దామా” అంటే తలూపేది. మాట పెగిలేది కాదు.

ఆ ఏడు మా ఊరికి రోడ్డు మంజూరైంది. వానాకాలంలో మా బండి బాటలో ఎడ్లు కడుపుదాకా దిగబడేవి. పాలు, కూరగాయలు బెల్లంపల్లి అంగడికి చేరేలోపు సగం పాడయ్యేవి. బాయిలో దెబ్బ తగిలిన మనిషిని మంచం మీద మోసుకు రావలసి వచ్చేది. కాబట్టి రోడ్డు వద్దన్నవాడు ఊళ్లో ఒక్కడు లేడు. చిక్కంతా ఊరి మొగదల దగ్గర వచ్చింది. అక్కడ రోడ్డు మా మామ పత్తి చేను కొసను కోసుకుంటూ అయినా పోవాలి, లేదా పక్కనున్న పిల్లల దిబ్బ మీది నుంచి అయినా పోవాలి. మాలో పెద్దవాళ్లను కాలుస్తారు, పసిగుడ్లను మాత్రం ఆ దిబ్బలో పెట్టి వస్తారు. పూడ్చడం అనే మాట అనరు, ‘పెట్టి వచ్చిండ్రు’ అంటారు, ఏదో మళ్లీ తెచ్చుకునేటట్టు. పెట్టిన చోట నక్కలు తవ్వకుండా రేగు కంప వేసి, గుర్తుకు ఒక రాయి పెడతారు. తల్లిని రానివ్వరు. మగవాళ్లే పోయి వస్తారు.

వదినె పిల్లలు ఇద్దరు అక్కడే ఉన్నారు. మొదటిది ఆడపిల్ల, పేరు పెట్టేదాకా బతికింది. రెండోవాడు పేరు దాకా కూడా రాలేదు. వాడు పోయిన పొద్దు అన్న బాయి లోపల ఉన్నాడు, కబురు అందలేదు. పాత చీర ముక్కలో చుట్టి నేనే తీసుకుపోయాను. ఎంత తేలికగా ఉన్నాడంటే దారిలో ఒకసారి గుడ్డ విప్పి ఉన్నాడో లేడో చూసుకున్నాను. గుంట తీసింది నేను, పెట్టింది నేను, విరిగిన ఇసుర్రాయి ముక్క తెచ్చి మీద గుర్తుంచింది నేను. తర్వాత వదినెకు మళ్లీ కాన్పు కాలేదు. గడ్డి కోసే వంకతో ఆమె అటు పోయి వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు.

ఇన్ని తెలిసినవాణ్ని, నేను మామ చేను వదిలి దిబ్బను ఎంచుకున్నాను. మామ చేతిలో ఓట్లున్నాయి. దిబ్బకు ఓటు లేదు.

మీటింగు పెట్టిన సాయంత్రానికే కూలీలు వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. పని తెల్లారే మొదలు కావాలి, లేకపోతే గుంపును వేరే ఊరికి తోలేస్తానని ఓవర్సీరు చెప్పిపోయాడు. నేను ఆ తొందరను ముందు పెట్టుకొని గబగబా మాట్లాడాను. దిబ్బ అన్న మాటే ఎత్తలేదు, ‘తూర్పు వైపు పడావు జాగ’ అన్నాను, ఏదో ఊరికే పడి ఉన్న బీడు అన్నట్టు. మామ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. “కానిద్దామా?” అన్నాను. వరుసగా అందరూ కానీ, కానీ, కానీ అన్నారు. ఎవరో బీడీ ముట్టించారు. అప్పుడు చాటలో గింజల చప్పుడు ఆగింది. వదినె చాట కింద పెట్టి, గోడ పట్టుకొని లేచి నిలబడింది. ఆమె లేవడం ఎన్నడూ చూడలేదు కాబట్టి అందరూ అటు తిరిగారు. అంతమంది మగవాళ్లు ఒకేసారి తనను చూసేసరికి ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. నా వంకే చూసింది.

“కానీ…” అన్నది.

నాకు వినబడింది. ఆ కొస ఎంత దూరం సాగిందో, అది ఎక్కడ వణికిందో కూడా వినబడింది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపు నేను బల్ల చరిచాను. “సూశిండ్రా, మా వదినె గూడ కానీ అన్నది! ఏకగ్రీవం!” అన్నాను. నవ్వులు, చప్పట్లు. తీర్మానం రాసే గ్రామసేవకుడు పరాయి ఊరివాడు, కలం ఎత్తి ఆగాడు. “సర్పంచి సాబ్, ఆమె ఇంకేదో జెప్పవట్టింది” అన్నాడు మెల్లగా. “అన్నది గదనయ్యా, రాయి” అన్నాను. రాశాడు. వదినె వంగి చాట తీసుకొని వెళ్లిపోయింది. మామ లేస్తూ నా భుజం తట్టాడు. “నీ కానీ బగ్గ పనికొచ్చింది అల్లుడా” అన్నాడు.

తెల్లారి పని దిబ్బ కొస నుంచే మొదలైంది. కంప తీసి కాల్చారు. రాళ్లు ఏరి ఒక పక్క కుప్ప పోశారు, తర్వాత వాటినే రోడ్డు అడుగున పరిచి పైన మొరం పోశారు. ఇసుర్రాయి ముక్కను ఒక కూలీ చేతులతో ఎత్తి కుప్ప మీదికి విసిరేయడం నేను చూశాను. ఎందుకో నీళ్లు తాగాలనిపించి అవతలికి పోయాను. అక్కడి నుంచి చూస్తే జొన్న చేను గట్టు మీద వదినె నిలబడి ఉంది, చేతిలో కొడవలి, గడ్డి మోపు లేదు. నన్ను చూసిందో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం ఇంటికి పోతే ఎప్పటిలాగే పీట వేసి, గటక పెట్టి, “జర పుంటికూర వేసుకో మర్దీ” అన్నది. అరుస్తుందేమో, పళ్లెం విసురుతుందేమో అని నేను రోజుల తరబడి ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. అన్న కూడా ఏమీ అడగలేదు. వదినె మీటింగులకు మునుపటిలాగే వచ్చేది. నేను “కానిద్దామా” అని అడగడం మానేసి, ఒప్పుకున్నవాళ్లు చేతులు ఎత్తమనేవాణ్ని. ఎందుకు మార్చానని ఎవరూ అడగలేదు. వదినె మాత్రం ఒకసారి నన్ను చూసి, చెయ్యి ఎత్తి దించింది.

రోడ్డు వల్ల ఊరికి మేలు జరగలేదని అబద్ధం చెప్పను. బస్సు వచ్చింది, పాల వ్యాపారం పెరిగింది, కాన్పు కష్టమైన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ రోడ్డు మీదనే దవాఖానకు చేరి బతికారు. అప్పుడప్పుడు అది తలుచుకొని నన్ను నేను సముదాయించుకునేవాణ్ని. కానీ బస్సు ఆ మలుపు దగ్గరికి రాగానే నాకు తెలియకుండానే కాళ్లు పైకి లేచేవి. సీటు మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్న సర్పంచిని చూసి కండక్టరు నవ్వేవాడు. వేసవి మధ్యాహ్నాల్లో మొరం ఎండకు చిటపటమంటే, అది కింద నుంచి వస్తున్నట్టుండేది. వదినె ఆ రోడ్డు ఎక్కగా నేను చూడలేదు. అంగడికి పోవాలన్నా చేల గట్ల మీద చుట్టు తిరిగి పోయేది. ముళ్లు గుచ్చుకున్న పాదాలతో వచ్చి అరుగు మీద కూర్చొని పిన్నుతో తీసుకునేది.

మరుసటి ఓట్లలో నేను నిలబడలేదు. ఆ తర్వాత ఒక చలికాలం వదినెకు దగ్గు పట్టుకుంది. ఎండ కోసం ఆమె మంచం వాకిట్లో వేశాం. నేను పక్కన కూర్చొని పల్లికాయ వలుస్తున్నాను. ఊరి మొగదల బస్సు హారను కొట్టింది. ఆమె అటు చూసి, ఎన్నేళ్లుగానో నడుస్తున్న మాటను కొనసాగించినట్టు, “నేను రోడ్డు వద్దంటననుకున్నవా మర్దీ?” అన్నది.

“అనుకున్న” అన్నాను.

“పిచ్చోడా. మీ అన్నను ఎన్నిసార్లు ఆ బురదల నుంచి మంచం మీద మోస్కొచ్చిండ్రు, నేను వద్దంటనా?” దగ్గు వచ్చి ఆగింది. “ఒక్క దినం దిబ్బను ఇడిశి రెండో కొస నుంచి మొదలువెట్టుమని అందామనుకున్న. పిల్లలను తీసి అవుతల పెట్టుకుందుమని. పొద్దు గూకినంక మట్టి ముట్టద్దంటరు, మీ అన్న డ్యూటీల ఉండె. నాకు జాగ తెల్సు, లోతు తెల్వది. నువ్వే పెట్టినవు గద, నువ్వే తీస్తవనుకున్న.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు, దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు చెప్పింది. నేను తల వంచుకొని, తప్పయింది వదినె అన్నాను, వినబడేటట్టు అన్నానో లేదో. ఆమె చెయ్యి చాచి, నా ఒళ్లో ఉన్న కాయలు కొన్ని తీసుకొని తనూ వలవడం మొదలుపెట్టింది. ఎండ వాకిట్లో నుంచి గోడ మీదికి ఎక్కేదాకా ఇద్దరం వలుస్తూనే ఉన్నాం. ఆమె ఆ ఎండాకాలం చూడలేదు. నాకు ఆ తర్వాత ఎన్ని దినాలు దొరికాయో లెక్క లేదు, ఆమె నన్ను అడగబోయింది మాత్రం ఒక్కటే.