షమీమ్ ఆపా దించిన గ్లైడర్

పక్క గదిలో మా అమ్మాయి కంప్యూటర్ ఫ్యాను ఉన్నట్టుండి హోరెత్తింది. ఆ వెంటే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, దానితో కలిసి దుమ్ము కాలిన వాసన వచ్చాయి. వెళ్ళి చూస్తే తెర మీద ఆటలోని విమానం. ఏదో పెద్ద నగరం మీద కుంటుకుంటూ పోతోంది. "అమ్మా, మీద ఉన్నంతసేపు మంచిగ పోతది. దించుదామంటే ఆగి ఆగి పోతాంది," అంది మా అమ్మాయి విసుగ్గా. "మబ్బులు తీసెయ్. బిల్డింగులు తగ్గించు. నీడలు వద్దు. కానీ ఒక్కసారి ఒక్కటే మార్చు," అన్నాను నేను, ఆలోచించకుండానే. తను నా వైపు వింతగా చూసింది. వంటింట్లోకి తిరిగి వచ్చాక గుర్తొచ్చింది. ఆ మాటలు నావి కావు. షమీమ్ ఆపావి. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైలలో నల్లగొండ గడియార స్తంభం దగ్గర ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని నడిపేది షమీమ్ ఆపా. ఆపా అంటే అక్క. కింద ఆమె భర్తకు ఫ్యాన్లు, బల్బులు అమ్మే దుకాణం. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి, వచ్చిన ప్రతివాళ్ళూ కంప్యూటర్ ఉందా అని అడగడం మొదలుపెట్టాక, ఆమె టైపు మిషన్లను ఒక గోడ వైపు జరిపి, రెండో గోడకు కంప్యూటర్లు పెట్టించింది. వాటి మీద నేర్పడానికి మనిషి కావాలంటే నేను వెళ్ళాను. అప్పుడే నా డిగ్రీ పూర్తయింది. మాది రామన్నపేట దగ్గర పల్లె. బాపుకు గొర్ల మంద, కొంచెం మెట్ట చెలక ఉండేవి. రోజూ బస్సులో వచ్చి పోవాలి. ఆపా సన్నగా, పొడుగ్గా ఉండేది. టైపు మిషన్ ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి కాబట్టి వీపు ఎప్పుడూ నిటారుగా ఉండేది. కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి సర్టిఫికెట్లు అడగలేదు. "మిషన్ విప్పాల్సి వస్తే నీకు భయమైతదా?" అని అడిగింది. అవుతుందన్నాను. "నాకు గూడ అయితది. ఇద్దరం కలిసి విప్పుదాం తియ్," అని నవ్వింది. అలా నా మొదటి ఉద్యోగం మొదలైంది.

విమానం ఆట ఆ గదిలోకి ఫ్లాపీల మీద వచ్చింది. ఆపా భర్త మేనల్లుడు హైదరాబాదు నుంచి తెచ్చి ఎక్కించి వెళ్ళాడు. మొదట ఆపా కోప్పడింది, పిల్లలు నేర్చుకునే జాగాలో ఆటలేంటని. తీసెయ్యమని నాతో చెప్పబోతూ తెర వైపు చూసి ఆగిపోయింది. ఎంచుకోవడానికి ఉన్న విమానాల్లో ఒకటి గ్లైడర్. అంటే ఇంజను లేని విమానం. ఆపా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చేరిన తర్వాత ఆమె తన గురించి మాట్లాడటం అదే మొదటిసారి. హైదరాబాదులో కాలేజీ చదువుతున్నప్పుడు గ్లైడర్ నడపడం నేర్చుకుందట. "తాడు గట్టి గుంజుతరు. మీదికి పోయినంక తాడు ఇడిస్తరు. ఇగ ఏం సప్పుడుండదు సుజాతా. గాలి ఒక్కటే," అంది. "గాల్ల ఉన్నప్పుడు నడిపే కట్టె నా చేతిల్నే పెట్టేది మా సార్. దించేటప్పుడు మాత్రం తీసుకునేది. ఇగ వచ్చే వారం నువ్వే దించాలె అన్నడు. గంతల నిఖా కుదిరింది." అంతటితో ఆపింది. నేను కూడా ఏమీ అడగలేదు. అలాంటి కథలు మా ఊళ్ళో ఇంటింటికీ ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు మాన్పించి ఉంటారు, అంతే కదా అనుకున్నాను.

ఇప్పుడామెకు ఆ గ్లైడర్‌ను దించాలి. కంప్యూటర్ దించనివ్వదు. మీద ఉన్నంతసేపు ఆకాశం, దూరంగా ఒక గీతలా నేల, అంతే కాబట్టి బొమ్మ సాఫీగా కదిలేది. రన్‌వే దగ్గరపడే కొద్దీ ఇళ్ళు, రోడ్లు, చెట్లు అన్నీ ఒకేసారి గీయాల్సి వచ్చి ఆ చిన్న యంత్రానికి ఊపిరి ఆడేది కాదు. ఆపా మీట నొక్కిన తర్వాత ఎప్పటికో విమానం వంగేది. వంగలేదనుకుని ఆమె మరోసారి నొక్కేది. రెండూ కలిసి ఒక్కసారే వచ్చి పడేవి. రెక్క నేలకు తగిలేది. ఇంజనున్న విమానమైతే మళ్ళీ పైకి లేపి చుట్టు తిరిగి రావచ్చు. గ్లైడర్‌కు ఆ అవకాశం లేదు. "దీనికి ఒక్కపారే," అనేది ఆపా, కూలిపోయిన బొమ్మను చూస్తూ. ఇంజనున్నదాన్ని ఎంచుకోవచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు.

మధ్యాహ్నం బ్యాచి వెళ్ళిపోయి సాయంత్రం బ్యాచి వచ్చేలోపు మా ఇద్దరికీ అదే పని. నేను ఆత్రంతో అన్నీ ఒకేసారి మార్చబోయేదాన్ని. ఆపా నా చేయి పట్టుకుని ఆపేది. "ఒక్కపారి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో నీకెట్ల తెలుస్తది?" మొదట మబ్బులు తీసేశాం. తర్వాత నీడలు. తర్వాత ఇళ్ళు, చెట్లు తీసేశాం. గ్లైడర్‌కు ఎలాగూ చప్పుడు ఉండదని సౌండు ఆపేశాం. కంప్యూటర్ ఆన్ కాగానే మనకు కనబడకుండా లోపల వచ్చి కూర్చుని మెమరీని మింగే చిన్న చిన్న ప్రోగ్రాములు కొన్ని ఉండేవి. అవేవీ రాకుండా ఈ ఆట కోసమే, దానితోనే కంప్యూటర్ మొదలయ్యేలా వేరే ఫ్లాపీ తయారుచేశాను. హార్డ్ డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళను ఒక వరసలోకి తెచ్చాం. కంప్యూటర్ డబ్బా విప్పి టైపు మిషన్లు తుడిచే బ్రష్షుతో ఫ్యాను తుడిచాం. లోపల నల్లగొండ ఎర్రదుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ప్రతి మార్పుకూ కొంచెం నయమయ్యేది, కానీ దిగేటప్పుడు చివరి క్షణంలో మళ్ళీ ఆ కుదుపే. ఒకరోజు నేను విసిగిపోయి డబ్బా మీద చెయ్యి వేసి తల వాల్చితే, ముందువైపున్న టర్బో బటన్ దీపం ఆరిపోయి ఉండటం కనిపించింది. ఆ బటన్ నొక్కి లేకపోతే యంత్రం సగం వేగంతోనే నడుస్తుంది. ఎవరో విద్యార్థి ఎప్పుడు నొక్కాడో, ఎన్నాళ్ళుగా అలా ఉందో. నేను ఏడుపు ముఖం పెట్టాను. ఆపా మాత్రం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పోనీ. దీని పుణ్యాన మిగతావన్ని నేర్చుకుంటిమి గద," అంది.

వేగం పెరిగింది గనుక ఇళ్ళు, చెట్లు కొన్ని తిరిగి పెట్టుకోవచ్చని నేనన్నాను. ఖాళీ నేల మీద రన్‌వే ఒక్కటే ఉంటే చూడటానికి బోడిగా ఉందని. ఆపా వద్దంది. "అందం గాల్ల ఉన్నప్పుడు చూసుకుంట. దిగేటప్పుడు నాకు నేల ఒక్కటి కనబడితే చాలు."

ఆ రోజుల్లోనే భువనగిరి నుంచి ఆమె తండ్రి వచ్చాడు, కూతురి దగ్గర కొన్నాళ్ళుండి పోదామని. తాలూకా కచేరీలో పనిచేసి ఎప్పుడో రిటైరైన మనిషి. మెల్లగా మాట్లాడేవాడు. ఇంట్లో పొద్దు పోక మెట్లెక్కి మా గదికి వచ్చాడు. ఆపా అప్పటికే గ్లైడర్‌ను పైకి లేపి ఉంది. ఆయన ఆమె వెనకున్న బెంచీ మీద కూర్చుని, తెర వైపు చాలాసేపు చూసి, నాతో తెలుగులో అన్నాడు: "గిది ఆమె నిజంగనే నడిపింది తెలుసా బిడ్డా? మా ఖాందాన్‌ల ఇంకెవ్వరు గట్ల ఎగరలే. నేను దోస్తులందరికి చెప్పుకున్న. కాని పాపం, భయపడి మానేసింది."

"భయమా?" అంది ఆపా, తల తిప్పకుండా. "నాకా?"

"మరి నిఖా మాట రాంగనే పోవుడు బంద్ జేస్తివి గద. నేను మూడ్నాలుగు రోజులు చూసిన, అడుగుతవేమోనని. అడగకపోతివి. ఇష్టం లేదేమో, జబర్దస్తి ఎందుకని ఊకున్న."

తెర మీద రన్‌వే దగ్గరికి వస్తోంది. నేను ఆపా ముఖం వైపు చూడలేక ఆమె వేళ్ళ వైపు చూశాను.

"అడిగితే పంపుతుంటివా అబ్బా?" అంది తండ్రితో.

"పంపకపోదునా? పిల్లగాని తరఫోళ్ళకు చెప్పి నిఖా జర ఎన్కకు జరుపుతుంటిమి. అంత పెద్ద విషయమా అది?" అన్నాడాయన తేలిగ్గా. ఆ మాట కూతుర్ని ఎక్కడ తాకిందో ఆయనకు తెలియదు. ఆపా వేళ్ళు ఆగలేదు. కొంచెం ఎడమకు, కొంచెం ముక్కు పైకి. ఎక్కడా కుదుపు లేదు. చేయి ఎంత కదిలితే గ్లైడర్ అంతే కదిలింది. నేల మెల్లగా పైకి వచ్చి చక్రానికి తగిలింది. గ్లైడర్ కొంత దూరం దొర్లి నిలబడింది. అన్ని వారాలు మేం కష్టపడింది ఆ క్షణం కోసమే. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "దిగింది, దిగింది! శభాష్!" ఆపా లేచి మూలనున్న కుండ దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకుంది. తాగలేదు. గ్లాసు పట్టుకుని కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

ఆయన వెళ్ళిపోయిన తర్వాత నాతో ఒక్క మాట అంది. "ఎవ్వరు వద్దనలే సుజాతా. వద్దంటరని నేనే అనుకున్న. అడగనే లేదు." భర్త మీద గానీ, జీవితం మీద గానీ ఆమెకు ఫిర్యాదు ఉండేది కాదు. ఆయన నెమ్మదస్తుడు, ఆమెను బాగా చూసుకున్నాడు. అయినా ఆనాటి నుంచి ఆమెలో ఏదో తగ్గింది. తప్పు పట్టడానికి ఎవరో ఒకరు ఉన్నారనుకుని ఇన్నేళ్ళు తట్టుకున్న మనిషికి, ఎవరూ లేరని తెలియడం ఎంత భారమో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి ఏడు తండ్రి చనిపోయాడు. ఆపా ఆ ఆట మళ్ళీ తెరవలేదు. కొత్త కంప్యూటర్ వచ్చాక, ఇందులో మబ్బులతో సహా అన్నీ పెట్టుకోవచ్చు ఆపా అని నేను ఉత్సాహంగా చెబితే, "దించిన గద, ఇగ చాలు," అంది.

కొన్నాళ్ళకు నాకు పాలమూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఉత్తరం ఆపాకు చూపించి, బాపు ఒప్పుకోడు, పోనని రాసేస్తానన్నాను. "అడిగినవా?" అంది. "అడిగేదేముంది ఆపా? ఒక్కదాన్ని ఎట్ల పంపుతడు?" అన్నాను. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా పలికింది: "నేనడిగేది గది కాదు. అడిగినవా?"

అడిగాను. గొర్లను దొడ్లోకి తోలుతున్న బాపు వెనక్కి చూడకుండానే వద్దన్నాడు. మర్నాడు ఆపా ముందు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఎందుకు వద్దన్నడు?" అంది. "అడగలే," అన్నాను. "అయితే సగమే అడిగినవు," అని, ఆదివారం భర్త స్కూటర్ మీద తనే మా ఊరికి వచ్చింది. మంచం మీద కూర్చుని మా అమ్మ ఇచ్చిన చల్ల తాగి, "అన్నా, నీకు భయమేంది, ఫికరేంది? నాకు చెప్పు," అంది బాపుతో. "ఆ ఊర్ల మనోళ్ళు ఎవ్వరు లేరమ్మా. పిల్లకు జరమొస్తే ఎవరు చూస్తరు?" అన్నాడు. మా బాపు మనసులో ఉన్నది అంతేనని నేను కలలో కూడా అనుకోలేదు. "మా చెల్లె ఇల్లు పాలమూరుల్నే. మేడ మీది గది కిరాయికిస్తది. జరమొస్తే దవాఖానకు తోల్కపోతది. ఇంకేమన్న ఉన్నదా?" బాపు తల అడ్డంగా ఊపాడు. "ఇంకేం లేదమ్మా. పిల్లను పోనీ."

పాలమూరు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆపాను చూసేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి, "ఆపా, ఇప్పుడైనా నిజంగ ఒక్కసారి గ్లైడర్ మీద పోతరా? ఎక్కించుకునేటోళ్ళు ఎవరన్న ఉన్నరేమో కనుక్కుంట," అన్నాను. కాదంటుందనుకున్నాను. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి, "పోత," అంది. "చలికాలం పోనీ. పోత." నేను హైదరాబాదులో నలుగురిని అడిగి ఒక క్లబ్బు సంగతి తెలుసుకున్నాను. ఎండాకాలం మొదట్లో రమ్మన్నారు. ఆ చలికాలంలోనే ఆమెకు జబ్బు చేసింది. చూస్తుండగానే మంచం పట్టింది. కబురు అంది నేను నల్లగొండ చేరేసరికి ఖననం అయిపోయింది. కింద దుకాణం మూసి ఉంది. మేడ మెట్ల మీద ఎప్పుడూ ఉండే పిల్లల చెప్పులు లేవు. ఎండాకాలంలో ఆ క్లబ్బువాళ్ళకు నేనే ఫోను చేసి, రావడం లేదని చెప్పాను.

ఇప్పుడు మా ల్యాబులో ఆడపిల్లలు ఎంతోమంది వచ్చి పోతుంటారు. బయటి ఊరిలో సీటో ఉద్యోగమో వచ్చినప్పుడు, "మా ఇంట్ల ఒప్పుకోరు మేడం," అంటారు. అడిగినవా అంటాను. అడిగి, సంతోషంగా తిరిగి వచ్చినవాళ్ళున్నారు. గట్టిగా వద్దనిపించుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు కొన్నిసార్లు నేనే వెళ్ళాను. అన్ని ఇళ్ళలోనూ మాట చెల్లలేదు. మొన్న అచ్చంపేట అవతలి పల్లె అమ్మాయి ఒకతె పుణెలో ఉద్యోగం వచ్చిందని చెప్పి తల వంచుకుంది. అడగడానికి ఊరికి వెళ్ళింది, సోమవారం వస్తుంది. ఆ పిల్ల బస్సెక్కేటప్పుడు నాకు షమీమ్ ఆపా కాలేజీ వయసులో ఎలా ఉండేదో అనిపించింది. అడిగినవా అని ఆ రోజుల్లో ఆమెతో అనడానికి పక్కన ఒక్క మనిషి లేకపోయింది. ఆ దిగులు నాకు ఇప్పటికీ తీరలేదు.