ప్యాకింగ్ చెక్కల మీద బేస్

మా చర్చి మందిరంలో పాత వేదిక ప్యాకింగ్ చెక్కలతో కట్టింది. ఫ్యాక్టరీలకు యంత్రాలు వచ్చే పెద్ద పెట్టెలను విప్పాక మిగిలే చెక్కలు ఇస్నాపూర్ దారిలో గుట్టలుగా పోసి అమ్ముతారు. సంఘంలోని వడ్రంగి ఒకాయన వాటి మేకులు పీకి, చిత్రిక పట్టి, కింద బోలుగా వదిలి వేదిక కట్టాడు. ప్రసంగం మధ్యలో ఎవరైనా కాలు మార్చుకుంటే ఆ చప్పుడు వెనక వరుస దాకా వినిపించేది. దాన్ని చూసి సిగ్గుపడనివాళ్లం ఇద్దరమే: బేస్ గిటార్ వాయించే నేను, డ్రమ్స్ వాయించే అతను.

పత్రికలో డెస్కు పని చేస్తున్న రోజుల్లోనే నేను బేస్ పట్టాను. బేస్‌ను ఎవరూ ప్రత్యేకంగా వినరు. ఆగిపోతే మాత్రం పాటలో ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది. ఇతరుల వార్తలు దిద్దేవాడికి అది కొత్త సంగతి కాదు.

అతను నాకంటే బాగా చిన్నవాడు. చిట్కుల్‌లో కిరాయికి ఉండేవాడు. ఇనుప రేకులను నొక్కి వాహనాల భాగాలు చేసే ప్రెస్ షాపులో కాంట్రాక్టు పని. ఆ షాపు సూపర్‌వైజరే మా సంఘపెద్ద. ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాడు.

అతని సంగతి నాకు ఒక శనివారం ప్రాక్టీసులో తెలిసింది. పాట మధ్యలో కరెంటు పోయింది. నా బేస్, కీబోర్డు రెండూ ఆగిపోయాయి. పాడేవాళ్లు ఆగలేదు, చప్పట్లు కొడుతూ ఇంకా గట్టిగా అందుకున్నారు. అతని చేతుల్లో కర్రలు గాల్లోనే నిలిచిపోయాయి.

"ఎందుకాపినవన్నా?" అన్నాడు నాతో.

పాడుతున్నవాళ్లు అతనికి రెండడుగుల దూరంలో ఉన్నారు.

అందరూ వెళ్లాక చెప్పాడు. ప్రెస్సుల మోతకు చెవులు కొన్నేళ్లుగా తగ్గుతూ వచ్చాయట. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాడు. పాట మాత్రం వినపడదు.

"మరి ఇన్నొద్దులు ఎట్ల కొట్టినవు తమ్మీ?"

"నీ డబ్బా ఉంది గదన్నా. అది కాళ్లకు ఇనపడ్తది."

మా మందిరంలో చెప్పులు బయటే విడుస్తాం. కుడి పాదం డ్రమ్ము పెడల్ మీద ఉంటే, ఎడమ మడమ చెక్కకు ఆనించి పెట్టేవాడు. నా యాంప్ స్పీకరు డబ్బా అదే చెక్క మీద ఉండేది. నాలుగో తీగ, అంటే అన్నిటికంటే లావుపాటిది, మోగితే ఆ కంపనం చెక్క గుండా అతని మడమకు చేరేది. పాటలో ఎక్కడున్నామో అతనికి అలా తెలిసేది.

"కంపెనీల ఏటా చెవుల పరీక్ష చేస్తరంటరు గదా?"

"హెడ్‌ఫోను పెడ్తరు, సప్పుడు రాంగనే చెయ్యి లేపాలె. ఆ మేడం బటన్ నొక్కినప్పుడల్లా భుజం కదుల్తది. నేను భుజం సూస్త." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "పెద్దాయనకు తెల్వనియ్యకన్నా. నౌకరి పోతది. ఈ చెవులతోని ఇంకోకాడ ఎవడు పెట్టుకుంటడు?"

ఆ తరువాత నేను బేస్ సామాను కొన్నదీ, చూసుకున్నదీ అంతా ఆ మడమ కోసమే. పాత యాంప్ ఊపిరి తగ్గితే సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారు అరచేతిలో పట్టే చిన్న పరికరం చూపించాడు.

"సాబ్, ఇది సౌండు మిక్సర్‌ల పెట్టేస్తే అయిపాయె. ఆ పాత డబ్బా ఎవరు మోస్తరు? నడుం పడిపోతది."

పదిహేను అంగుళాల స్పీకరున్న డబ్బానే తీసుకున్నాను. మొయ్యడానికి ఇద్దరు కావాలి. దాని అడుగున నాలుగు రబ్బరు బిళ్లలుంటాయి, కంపనం నేలకు దిగకుండా. అందరూ వాటిని కాపాడుకుంటారు, అరిగితే కొత్తవి వేయించుకుంటారు. నేను ఇంటికి తెచ్చిన రోజే స్క్రూలు విప్పి వాటిని తీసేశాను. గరుకు తీగలు మార్చి నున్నటి చుట్టున్నవి వేశాను. అవి గలగలమనవు, బరువుగా మోగుతాయి. మా వైపు తీగలు త్వరగా నల్లబడతాయి. గాలి వల్లనో, చెమట వల్లనో తెలియదు. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, గిటార్‌ను సంచిలో పెట్టేవాణ్ని.

కొంతకాలం అలాగే నడిచింది. అతను ఒక్క దెబ్బ తప్పలేదు. పెద్దాయనే ఒకసారి భుజం తట్టి, "మా షాపుల ప్రెస్సు గూడ ఇంత టైముకు కొట్టదు," అన్నాడు. అతను పెదాలు చూసి నవ్వాడు.

తరువాత సంఘం మందిరాన్ని బాగుచేయించింది. రేకులు పోయి స్లాబు వచ్చింది. చెక్క వేదిక పీకి సిమెంటుతో కట్టి, పైన నల్ల గ్రానైటు పరిచారు. మొహం కనపడేటట్టు పాలిష్ పట్టించారు. ఏళ్లుగా చందాలిచ్చిన ఆడవాళ్లు కొంగుతో దాన్ని తుడిచి మురిసిపోయారు. అతను చెప్పులు విడిచి ఎక్కి, మడమ ఆనించి నా వైపు చూశాడు. వాయించాను. అతను తల అడ్డంగా ఊపాడు. రాయి కింద సిమెంటు, సిమెంటు కింద భూమి. ఏమీ కదలలేదు.

ఒక ఉపాయం చేశాం. పాత వేదికలో మిగిలిన రెండు చెక్కలను పట్టీలతో కలిపి, డ్రమ్స్ స్టూలు కింది నుంచి నా డబ్బా కింది దాకా పరిచాం. పైన పచ్చ కార్పెటు కప్పాం. శనివారం వాయించి చూశాం. మడమకు తెలుస్తోందన్నాడు.

ఆదివారం ప్రారంభోత్సవం. నేను వెళ్లేసరికి కార్పెటు చుట్టి ఓ మూలన పెట్టి ఉంది. చెక్కలు బయట గోడకు ఆనించి ఉన్నాయి. పెద్దాయన తెల్ల చొక్కా చేతులు మడిచి రాతి మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"ఏంది విలేకరి సాబ్ ఇది? కొత్త గ్రానైట్ మీద ప్యాకింగ్ కట్టెలా? వచ్చినోళ్లు నవ్వరా?"

"సౌండు కోసమన్నా."

"సౌండుకు గంత పెద్ద డబ్బాలు తెచ్చినం గద? ఇంకేం సౌండు?"

అసలు కారణం చెబితే అక్కడికక్కడే అతని పని పోతుంది. చెప్పకపోతే చెక్కలు లోపలికి రావు. నేను వెళ్లి సంచిలోంచి గిటార్ తీశాను. అప్పటికే పాస్టరు గారు మైకు పరీక్షిస్తున్నారు. అతను స్టూలు మీద కూర్చుని కింద రాయి చూశాడు, నన్ను చూశాడు. లేచి వెళ్లిపోలేదు.

మొదటి రెండు పాటలు నా చేతివేళ్లు చూస్తూ కొట్టాడు. మూడో పాటకు జనం లేచి నిలబడ్డారు. పాడే అమ్మాయిలు ఇద్దరూ ముందుకు జరిగి మా ఇద్దరి మధ్యకు వచ్చారు. నా వేళ్లు అతనికి కనపడలేదు. చరణం చివర అందరం ఆగాం. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. డ్రమ్స్ ఆగలేదు. అతను కళ్లు దించుకుని, ఒక్క దెబ్బా తప్పకుండా, టైముకు కొడుతూనే ఉన్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను అమ్మాయిలను తప్పించుకుని వెళ్లి అతని మణికట్టు పట్టుకునేసరికి ప్రార్థన కూడా ఆగిపోయింది.

ఆరాధన అయ్యాక అతను వంగి డ్రమ్స్‌కు బిగించిన ఇత్తడి తాళాలు విప్పుతున్నాడు. పెద్దాయన మెల్లగా వెనక నుంచి వచ్చి చప్పట్లు ఒకసారి కొట్టాడు. అతను తిరగలేదు. మళ్లీ కొట్టాడు, ఈసారి చెవి పక్కనే, గట్టిగా. మెట్ల దగ్గర ఉన్న ఆడవాళ్లు తిరిగి చూశారు. అతను మరలు విప్పుకుంటూనే ఉన్నాడు.

పెద్దాయన నన్ను బయటికి పిలిచాడు.

"నీకు తెల్సు గద?"

"తెల్సు."

"ప్రెస్సు కాడ ఇద్దరుంటరన్నా. ఇవతల ఈయన, అవతల బీహార్ పోరడు. ఆ పోరడు 'రుక్' అని ఒర్లితె ఈయనకు ఇనపడకపోతె? చెయ్యి ఎవనిది పోతది?" గొంతు తగ్గించాడు. "నా తమ్ముడసొంటోడు. గని ఎట్ల ఉంచాలె, నువ్వే చెప్పు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ చెవులు పోయింది ఆ షాపులోనే అన్నదీ తప్పు కాదు. కానీ అది నోటి దాకా వచ్చి ఆగింది.

మరుసటి వారమే అతన్ని పనిలోకి రానీయకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేశారు. మందిరంలో ఇప్పుడు కీబోర్డులోని మెషీనే డ్రమ్స్ మోగిస్తుంది. నేను ఇంకా వాయిస్తున్నాను, నా గిటార్ వైరు నేరుగా మిక్సర్‌లోకి వెళుతుంది. పెద్ద డబ్బా మా ఇంటి ముందు గదిలో ఉంది.

అతను ఇస్నాపూర్ దారిలో ఆ చెక్కల గుట్టల దగ్గరే మేకులు పీకే పనికి కుదిరాడు. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదు. ఒక సాయంత్రం యజమానిని అడిగి అతనే ఆటోలో నాలుగు చెక్కలు వేసుకుని వచ్చి, మా గదిలో గచ్చు మీద పరిచాడు. చేతులకు రంపపు పొట్టు, బొటనవేలికి గుడ్డకట్టు. డబ్బాను ఇద్దరం వాటి మీదికి ఎత్తాం. ఒక పెట్టె బోర్లించి కూర్చుని, మడమ ఆనించాడు.

"షురూ చెయ్యన్నా."

వాయించాను. అతను పెట్టె అంచు మీద అరచేతులతో అందుకున్నాడు. చరణం చివర ఆగిపోయాను. అతని చేతులూ ఆగాయి. తల ఎత్తి నా పెదాల వైపు చూశాడు.

"ఆగిన గదన్నా?"

ఆగావని తల ఊపాను.