బొమ్మలు నాకి చూసే మామ

మా పక్కింటి మామ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. కరోనా కాదు, గుండె. ఈ రెండేళ్లుగా ఎవరు పోయినా ముందు ఆ మాట చెప్పాలి, లేకపోతే పాడె మోయడానికి మనిషి దొరకడు. వాళ్ల కోడలు గోడకు అవతలి నుంచి "అన్నా, మామ లేస్తలేడు" అని పిలిస్తే నేను నవ్వాను. పన్నెండేళ్లుగా ఆయనను ఏడిపిస్తున్నాను కదా, ఇన్నాళ్లకు ఆయనకూ ఒక వేళాకోళం చేతనైందనుకున్నాను. వెళ్లి చెయ్యి పట్టుకున్నాక నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నానికల్లా మా చాల్, అంటే మేముండే వరస గదుల, వాట్సాప్ గ్రూపు నిండా పూలే. ఒకరు మహానుభావుడన్నారు, ఒకరు పిల్లల పాలిటి దేవుడన్నారు. అలా రాసినవాళ్లలో సగం మంది ఆయన వస్తుంటే తలుపు మూసుకున్నవాళ్లే. నేను అలా రాయలేను. ఆయన నాకు నచ్చేవాడు కాదు. ఇప్పుడు పోయాడు కాబట్టి నచ్చాడని చెబితే అది నా నోటికి సరిపోదు. కానీ ఆయన గురించి రాయాల్సింది నేనే. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

సూరత్‌లో పాండేసరా పక్కన వడోద్‌లో ఉంటాం మేము. అందరం కరీంనగర్ వైపు నుంచి మగ్గాల ఖాతాల్లో పనికి వచ్చినవాళ్లం. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మామ మా ఖాతాలో వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవాడు. మగ్గానికి కట్టెతో చేసిన భాగం ఏది విరిగినా ఆయనే చెయ్యాలి. తర్వాత నీళ్లతో నడిచే మగ్గాలు వచ్చాయి, వాటిలో కట్టె లేదు, మామకు పనీ లేదు. ఇంటి ముందు పీట వేసుకుని చంటిపిల్లలకు బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. వరసకు నాకు మామ కాడు, పిలుపు అలా కుదిరింది. మామ అన్నాక పరాచికం ఆడటం నా హక్కు. ఆ హక్కును నేను బాగానే వాడుకున్నాను.

వేపకట్టె తప్ప ముట్టేవాడు కాదు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, చివరికి తన చెంపకు రాసుకుని చూసేవాడు. ఎక్కడైనా గీరుకుంటే మళ్లీ రుద్దడమే. వార్నిషు పుయ్యడు. కొబ్బరినూనె రాస్తాడు. రంగు కావాలని తల్లులు గొడవపెడితే పసుపు పూసి, "పోతే కడుపులకే పోతది, పసుపే కద" అనేవాడు. మూడు నెలల పిల్లకు కళ్ల ముందు మెల్లగా ఊగేది. ఆరు నెలలకు పిడికిట్లో పట్టేది. ఏడాదికి నెట్టుకుంటూ నడిచేది. రెండేళ్లకు ఒకదాని మీద ఒకటి పేర్చి పడగొట్టేది. ఏ వయసుకు ఏదో ఆయనకు తెలుసు, తెలుసని మనకు చెప్పడమూ తెలుసు. అదే కష్టం.

అన్నిటికన్నా పెద్ద రోత ఇంకొకటుంది. ఏ బొమ్మనైనా ముందు తన నోట్లో పెట్టుకునేవాడు. నాకేవాడు, కొరికేవాడు, బుగ్గన పెట్టుకుని పీట మీద కూర్చునేవాడు. తర్వాత మరిగే నీళ్లలో కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి గానీ ఇచ్చేవాడు కాదు. అయినా చూసేవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. కరోనా వచ్చాక చాల్‌లో దీని మీద పంచాయితీ కూడా అయింది. నేనే పెట్టించాను. "మామా, గీ ముసల్తనంల నీకు పండ్లొస్తున్నయా ఏంది?" అని అందరి ముందూ అడిగాను. ఆయన నవ్వలేదు. "పిల్లకు బొమ్మంటె ముందు తిండి, తర్వాత ఆట. మనం తినలేంది దానికెట్ల పెడ్తం?" అన్నాడు. పంచాయితీ అక్కడితో ముగిసింది. నాకు మాత్రం ముగియలేదు.

ఎందుకంటే మొదటి లాక్‌డౌన్‌లో మా ఖాతా మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. నేను తోపుడుబండి మీద ప్లాస్టిక్ బొమ్మలు అమ్మడం మొదలుపెట్టాను. పిల్లలు నాలుగు గోడల మధ్య ఇరుక్కుపోయి ఏడుస్తుంటే తల్లులు ఏదైనా కొంటారు. లైట్లు వెలిగే బాతులు, పీపీలు, చక్రాల కుక్కలు. సందు మొదట్లో బండి ఆపగానే మామ వచ్చి పక్కన నిలబడేవాడు. చేతిలో ఒక తడిగుడ్డ, దారం చుట్టే సన్నటి అట్ట గొట్టం ఒకటి. గొట్టంలోంచి కిందికి జారిపడే వస్తువు ఏదైనా చంటిపిల్ల గొంతులో ఇరుక్కునేదే అని ఆయన లెక్క. తడిగుడ్డతో తుడిస్తే రంగు అంటుకునేది ఏదైనా విషమే.

ఒక రోజు మా ఊరివైపు పిల్లే, చంకలో బిడ్డతో వచ్చి బాతును పట్టుకుంది.

"ఎన్ని నెలలు బిడ్డకు?" అని మామ.

"ఆరు, తాతా."

"ఆర్నెల్ల పొల్లకు గీ బాతెందుకమ్మా? బాతే ఎగురుతాంది, బాతే పాడుతాంది, బాతే లైటు కొడ్తాంది. పొల్లకేం పని మిగిలింది?"

"సూసి నవ్వుతది కద."

"నవ్వుతది. గీ బండికాడున్న మా అల్లుని మొకం సూసి గూడ నవ్వుతది. ఇంటికి తీస్కపోతవా?"

ఆమె కిసుక్కుమంది. మామ బాతును బోర్లా తిప్పి గోటితో బ్యాటరీ మూత ఊడదీశాడు. గుండీ అంత బ్యాటరీ ఆయన అరచేతిలో పడింది. "నా గోటికే ఊడింది. ఇంట్ల పెద్దపిల్లల చేతికి ఊడదా? ఇది మింగితె పేగును కాలుస్తది తల్లీ." ఆమె బాతును ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

"మామా, నీకు పనిలేకపోతె ఇంట్ల పండుకో. నా బండి కాడ నీ దుకాణమేంది?" అన్నాను.

"నీ దుకాణం మూసేదాంక నాకు పనే" అన్నాడు.

నాకు మండింది. రెండో విడత కరోనా ఊళ్లను ఊడుస్తున్న ఎండాకాలం అది. ఆయన పరువు తీసి గానీ వదలకూడదనుకున్నాను. మా పాత ఖాతా చెత్తలో కట్టె కండెలు కుప్పపోసి ఉన్నాయి. పేకదారం చుట్టి, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టేవి అవి, ఏళ్ల తరబడి మగ్గం నూనె తాగి నల్లబడ్డాయి. ఒక సంచెడు తెచ్చి, చివర ఉండే ఇనుప కడియాలు ఊడబీకి, చేతిలో ఇమిడేలా ముక్కలు కోసి, రంగుల మిల్లులో పనిచేసే దోస్తు దగ్గర తెచ్చిన గులాబీ రంగు నీళ్లలో ముంచాను. చీర మీద ఎన్ని ఉతుకులకూ పోని రంగు కట్టె మీద ఎందుకు పోతుంది అనుకున్నాను. చీరకు ఆ రంగు మరిగే వేడిలో పడుతుందని, కట్టె దాన్ని పట్టుకోదని నాకు తట్టలేదు. అన్నేళ్లు గుడ్డ నేసినవాడిని, రంగు సంగతి ఒక్కసారి అడిగి తెలుసుకోలేదు. ఎండబెట్టి బండి మీద పేర్చి, ఫోనులో నేర్చుకున్న మాటతో "ఎకో ఫ్రెండ్లీ, కట్టె బొమ్మ, పండ్లొచ్చే పిల్లలకు" అని అరిచాను. నా ఎత్తు ఒక్కటే: మామ నోటితోనే మంచి బొమ్మ అనిపించాలి, తర్వాత ఇది నీ ఖాతా చెత్తే అని పదిమందిలో చెప్పాలి.

మామ వచ్చాడు. కండెను చేతిలోకి తీసుకున్నాడు. నా బండి ముందు ఆయన ముఖం విప్పుకోవడం అదే మొదటిసారి. "కట్టెకొచ్చినవా అల్లుడా" అన్నాడు మెల్లగా. తడిగుడ్డ తీయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. "కట్టె మీద గూడ అనుమానమేనా మామా? నువ్వు చెప్పిందే కద." ఆయన గుడ్డ భుజాన వేసుకుని, కండెను బుగ్గన పెట్టుకున్నాడు.

తీసేసరికి పెదాలు గులాబీ, నాలుక గులాబీ, తెల్లగడ్డం మీదికి కారిన సొల్లు గులాబీ. సందంతా నవ్వింది. పిల్లలు గెంతారు. నేను బండి పట్టుకుని వంగి మరీ నవ్వాను. ఆయన ఉమ్మి, కండెను వాసన చూశాడు.

"ఎన్ని అమ్మినవ్?"

బండి మీద మిగిలినవి లెక్కపెట్టి, తగ్గినవెన్నో చెప్పాను. "ఆరు."

"ఎవలెవలికి?"

"యాది లేదు మామా. అందరికీ మాస్కులే, ఎవలని గుర్తువడ్తం?"

తిట్టలేదు. అదే మూతితో, అదే నాలుకతో, సందు సందుకూ తిరగడానికి బయల్దేరాడు. ఆ రోజుల్లో తెలియని ముసలివాడు తలుపు కొట్టి, బిడ్డ నోట్లోని బొమ్మ ఇమ్మంటే ఎవరిస్తారు? కొందరు నీళ్లు చల్లారట, ఒకాయన చీపురు ఎత్తాడట. నేను బండి దగ్గర కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఆయన నడకను అభినయించి చూపించాను.

అన్నం తినడానికి ఇంటికి వెళ్లాను. కాన్పుకు వచ్చి, కరోనా భయంతో మా దగ్గరే ఉండిపోయిన మా బిడ్డ రొట్టెలు చేస్తోంది. తొమ్మిది నెలల మనవరాలు చాప మీద బోర్లా పడుకుని ఉంది. గడ్డం గులాబీ. గౌను ముందుభాగమంతా గులాబీ. పిడికిట్లో కండె.

"గిదెక్కడిది?"

"నీ బండి మీదికెల్లే తీసిన బాపూ, పొద్దుగాల. పండ్లకు మంచిదని నువ్వే ఒర్రుతున్నవ్ కద. అప్పటికెల్లి ఇడుస్తలేదు."

నేను బండి మీది సరుకు ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వను. ముట్టనివ్వకపోవడానికి కారణం అమ్మకం కాదని ఆ నిమిషంలో తెలిసింది. ఏ ప్లాస్టిక్ ఎలాంటిదో నాకు ముందే తెలుసు. పక్కవాళ్ల పిల్లలకు అమ్మాను, అంతే.

పిల్ల ఒకసారి కక్కింది. మా బిడ్డ ఏడుస్తూ ఉప్పునీళ్లు కలిపింది, మొత్తం కక్కిద్దామని. దవాఖానాలన్నీ కరోనాతో నిండి ఉన్నాయి, అక్కడికి తీసుకుపోతే ఇంకో రోగం. నేను గది మధ్యలో నిలబడి ఉన్నాను. నోరు తప్ప ఏమీ లేనివాడికి ఆ రోజు నోరూ లేదు.

గుమ్మంలో మామ. చేతిసంచిలో ఐదు కండెలు. ఆరోదాని కోసం ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు, అంతే. లోపలికి చూసి సంచి కింద పెట్టి, మా బిడ్డ చేతిలోని గ్లాసును తోసేశాడు.

"కక్కియ్యకు. గా రంగు ఊపిరిలకు పోతది. నోరు కడుగు, పాలియ్యి."

భేస్తాన్‌లో తనకు తెలిసిన పిల్లల డాక్టరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు. డాక్టరూ అదే చెప్పాడు: బలవంతంగా కక్కించొద్దు, మత్తుగా పడుకున్నా, ఊపిరి మారినా, మళ్లీ కక్కినా వెంటనే తీసుకురండి, రంగు డబ్బా వెంట తెండి. ఏం రంగు అని అడిగాడు. దాని పేరేంటో నాకే తెలియదు. "ఖాతా చెత్త, మిల్లు రంగు సార్" అని మామ చెప్పాడు. ఆయన నాలుక ఇంకా గులాబీగానే ఉంది.

మాస్కు పెట్టుకుని గుమ్మం అవతల కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా పిల్ల పొట్ట ఎగరడం, తగ్గడం చూస్తూ ఉన్నాడు. నేను మంచినీళ్లిస్తే తీసుకోలేదు. పిల్ల పాలు తాగి, చేతులు చాపి కేరింత కొట్టాక లేచాడు.

"ఇంగ అమ్మకు" అనలేదు. "బుద్ధొచ్చిందా" అనలేదు. ఆ ఆరింటినీ, నా బండి మీద మిగిలినవాటినీ తన పొయ్యిలో కూడా పెట్టలేదు, పొగ పిల్లలకు పోతుందని. మున్సిపాలిటీ చెత్తబండి వాడి చేతికే ఇచ్చి, ఇది ఎక్కడ పడేస్తావో చెప్పమని వాడినీ సతాయించాడు.

నన్ను క్షమించలేదు. మర్నాటి నుంచి రోజూ బండి ముందుకొచ్చి, నాలుక చాపి చూపించి వెళ్లేవాడు. వారం రోజులు. నా బతుకులో ఎన్నో వేషాలు వేశాను గానీ అంత గట్టి దెబ్బ ఎవరినీ కొట్టలేదు. నాకూ కట్టెపని నేర్పమని అడిగితే, "నీకు చేతుల్లేవు, నోరే ఉన్నది" అన్నాడు. నేర్పలేదు. ముసలివాడి పొగరు అది. నేను సన్యాసి కాలేదు, ఇప్పటికీ ప్లాస్టిక్ అమ్ముతాను. గుండీ బ్యాటరీలవి తేవడం మానేశాను. మూడేళ్లలోపు పిల్లలకు అడిగితే మామ ఇంటి వైపు చెయ్యి చూపించేవాణ్ని. ఇప్పుడు ఎటు చూపించాలో తెలియడం లేదు.

మంగళవారం మధ్యాహ్నం పాడె ఎత్తాం. మళ్లీ కరోనా పెరుగుతోందని మనుషులు పెద్దగా రాలేదు. సందులో శవం బండి పట్టదు, రోడ్డు దాకా భుజాల మీదే మోయాలి. నాలుగో సందులో ఒక ఒడియా ఆమె చంకలో బిడ్డతో గడపలో నిలబడి, ఎవరని హిందీలో అడిగింది. బొమ్మలు నాకే తాత అని ముందున్నవాడు చెప్పాడు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఆ రోజు తాను రెండుసార్లు తలుపు మూసిందట, మూడోసారి తాత తన నాలుక చూపిస్తే అప్పుడు బొమ్మ ఇచ్చిందట. అది అమ్మిన దొంగ ఎవడో ఇప్పటికీ దొరకలేదని, దొరికితే చెప్పుతో కొడతానని, ఏడుస్తూ అంది.

పాడె నా కుడి భుజం మీద ఉంది. ముఖాన మాస్కుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే సందు మలుపు. నేను ఆగాను. వెనకవాడు తిట్టాడు. ఎడమచేత్తో మాస్కు గడ్డం కిందికి లాగి, "నేనే బహెన్" అన్నాను.

ఆమె కొట్టలేదు. నా ముఖం వైపు చూసి, నా వైపున్న చంకలోంచి బిడ్డను అవతలి చంకలోకి మార్చుకుంది. మేము కదిలాం. ఆ బిడ్డ తల్లి మెడ చాటు నుంచి, పిడికిలి నోట్లో పెట్టుకుని, మేము మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.